పాటకి తాళమేసేది ఎవరు?

ఈ మధ్య కుర్రోళ్ళు నన్ను ఒకటే మాట అడుగుతన్నారు. "అన్నా, స్వాతంత్రం వచ్చి 75 ఏళ్ళు దాటింది గదా. ఇంకా మీరు స్వేచ్ఛ, స్వేచ్ఛ అని డప్పు కొడతారేంది? మిమ్మల్ని ఆపిందెవరు? ఫోనుంది, నెట్టుంది, ఏమనుకుంటే అది పెట్టుకోవచ్చు గదా?"

అడగాల్సిన ప్రశ్నే. కోపం తెచ్చుకునేది కాదు. నేను పదో తరగతితో చదువాపి జిన్నింగు మిల్లులో పత్తి బోరేలు మోసినోణ్ణి. స్వేచ్ఛ అంటే ఏందో నాకు ఏ కాలేజీలోనూ చెప్పలా. మిల్లుకి సెలవున్న రోజు లైబ్రరీ బల్ల మీద, రాత్రిపూట నాటకాల పందిట్లో, కూలీల మీటింగుల్లో పాటలు పాడతా, వింటా నేర్చుకున్నా. అట్టా నేర్చుకున్నదాన్ని మన పల్నాడు కథలతోటే చెప్తా. దిల్లీ దాకా పోవాల్సిన పని లేదు. కావాల్సిందంతా మాచర్ల, గురజాల, వినుకొండ, కారెంపూడి మట్టిలోనే ఉంది.

ముందుగా నా లెక్క చెప్పేస్తా. మనిషి నోటికి మూడు తాళాలు పడతయ్. ఒకటి సర్కారేసే తాళం. రెండోది ఊరేసే తాళం. మూడోది మన జేబులోనే ఉంది, మనమే చార్జింగు పెట్టుకుంటన్నాం. మొదటి తాళం గురించి పుస్తకాల్లో చదువుతాం. రెండోదాని గురించి గుసగుసగా మాట్టాడుకుంటాం. మూడోది తాళమనే మనకి తెలవదు.

గడ్డి మీద పన్ను

పల్నాడు రాళ్ళ సీమ. జొన్న తిని బతికిన సీమ. అన్నం దొరకలేదని శ్రీనాథుడంతటోడు మన మీద ఎగతాళి పద్యాలు చెప్పాడంటారు. నీళ్ళు లేని చోట మనిషికి ఆధారం గొడ్డూ గోదా. గొడ్డుకి ఆధారం అడివి. తెల్లదొరల సర్కారు ఆ అడివికి కంచేసింది. లోపలికి గొడ్డు పోవాలంటే పుల్లరి కట్టమంది. పుల్లరి అంటే గడ్డి మీద పన్ను. వాన కురిపించినోడు అడగని పన్ను, విత్తనం జల్లనోడు అడిగాడు.

1921లో పల్నాడు జనం కట్టం పొమ్మన్నారు. అడివి శాఖ ఉద్యోగులకి సహాయ నిరాకరణ చేశారు. దుర్గి దగ్గిర మించాలపాడులో కన్నెగంటి హనుమంతు ఈ పోరాటానికి ముందు నిలబడ్డాడు. 1922 ఫిబ్రవరిలో పోలీసు కాల్పుల్లో చనిపోయాడు. గుండ్లు తగిలి పడిపోయిన మనిషి దాహం దాహం అన్నా నీళ్ళియ్యనియ్యలేదని ఇప్పటికీ మన ఊళ్ళల్లో చెప్పుకుంటారు.

ఆ నెల్లో దేశంలో ఇంకో కథ జరుగుతంది. ఫిబ్రవరి 4న చౌరీచౌరాలో పోలీస్ స్టేషను తగలబడింది. గాంధీ గారు ఉద్యమం ఆపేయమన్నారు. మన జిల్లాలోనే పెదనందిపాడులో పర్వతనేని వీరయ్య చౌదరి నడిపిన పన్నుల నిరాకరణ ఉద్యమం గూడా ఆగింది. పెద్ద నాయకులు ఆపమంటే ఆగే ఉద్యమం ఒకటి. పశువు ఆకలితో అరుస్తంటే ఆగలేని ఉద్యమం ఇంకోటి. ఈ రెండూ ఒకటే జెండా కింద నడిచినయ్ గానీ, రెండిట్లో స్వేచ్ఛ అన్న మాటకి అర్థం ఒకటి గాదు. పైవాడికి స్వేచ్ఛ అంటే దొర పోయి మనోడు కుర్చీలో కూర్చోవటం. మించాలపాడు రైతుకి స్వేచ్ఛ అంటే తన గొడ్డు అడ్డం లేకుండా మేసి రావటం.

నేను రాజకీయం నేర్చుకున్న మొదటి పాఠం ఇదే. ఎవరైనా స్వేచ్ఛ అంటే వెంటనే అడగాలి: "ఎవరికి? దేన్నుంచి? దేనికోసం?" ఈ మూడు ప్రశ్నలకి జవాబు లేని స్వేచ్ఛ జెండా కర్రకి కట్టటానికి తప్ప దేనికీ పనికిరాదు.

జైల్లో పుట్టిన నవల

ఆ పుల్లరి గొడవల్లోనే ఉన్నవ లక్ష్మీనారాయణ పంతులుగారు జైలుకి పోయారు. ఆయన ఐర్లండులోని డబ్లిన్లో బారిష్టరు చదివొచ్చిన మనిషి. గుంటూరులో భార్య లక్ష్మీబాయమ్మతో కలిసి ఆడపిల్లల చదువు కోసం శారదా నికేతనం పెట్టిన మనిషి. రాయవేలూరు జైల్లో కూర్చుని ఆయన రాసిన నవల 'మాలపల్లి'. 1922లో అచ్చయింది.

ఈ నవల పేరు చాలామందికి తెలుసు, చదివినోళ్ళు తక్కువ. పేరు దగ్గిరుండబట్టి 'మాలపిల్ల' సినిమా ఇదే అనుకుంటారు గూడా. కాదు. ఆ సినిమా 1938లో గూడవల్లి రామబ్రహ్మం తీసింది, కథ వేరు. 'మాలపల్లి'లో సంగదాసు అనే కుర్రోడు ఉంటాడు. రామదాసు కొడుకు, చౌదరయ్య ఇంట్లో పాలేరు. కూలీలని ఒక్కటి చేస్తాడు. ఆసామి చేతిలో చచ్చిపోతాడు. వాడి అన్న వెంకటదాసు ఆ అన్యాయం చూసి తిరగబడి, ధనికుల్ని దోచే దారి పడతాడు. తండ్రి రామదాసు మాత్రం భక్తుడు, తత్వాలు పాడుకునే మనిషి. ఒకటే ఇంట్లో మూడు దారులు. ఒకటి సంఘం, ఒకటి కత్తి, ఒకటి తత్వం. నా ఇరవయ్యో ఏట ఆ పుస్తకం చేతికొచ్చినప్పుడు ఈ మూడు దారులూ నా చుట్టూ ఉన్న ఊళ్ళల్లోనే కనపడ్డయ్. అంతకు ముందు నేను కథలంటే రాజులవీ, రాణులవీ అనుకునేవాణ్ణి. పాలేరు గూడా కథకి నాయకుడవుతాడని ఆ రోజు తెలిసింది.

ఇంకో సంగతి. ఆ నవల నిండా మన గుంటూరు జిల్లా పల్లెల మాట ఉంటది. అప్పట్లో పండితులు గ్రాంథికంలో రాయకపోతే అది సాహిత్యమే గాదనేవాళ్ళు. బారిష్టరు చదివినాయన వచ్చి పాలేరు నోట్లో మాటని యథాతథంగా అచ్చేశాడు. ఇయ్యాల మనం ఇట్టా మన యాసలో రాసుకుంటా, చదువుకుంటా ఉన్నామంటే, దానికి వందేళ్ళ కిందటే దారి తొక్కినోళ్ళలో ఆయనొకడు.

మరి సర్కారేం చేసింది? మద్రాసు ప్రభుత్వం 1923లో దాన్ని నిషేధించింది. 1928లో కొన్ని మార్పులు చేస్తే అచ్చేసుకోవచ్చంది. తర్వాత ఆంధ్ర విశ్వవిద్యాలయం పాఠ్యపుస్తకంగా పెడితే 1936లో మళ్ళీ తాళమేసింది. 1937లో రాజాజీ మంత్రివర్గం వచ్చాక ఆ తాళం తీశారు. ఒక్క నవల, పదిహేనేళ్ళ లోపల రెండు సార్లు బందు, రెండు సార్లు విడుదల. రాసినోడు ఏడాదికో రెండేళ్ళకో జైల్నించి బయటికొస్తాడు. పుస్తకానికి మాత్రం పదే పదే శిక్షేశారు.

పాటంటే ఎందుకంత భయం?

పుస్తకాన్ని గోదాంలో పట్టుకోవచ్చు. అచ్చు మిషనుకి సీలెయ్యొచ్చు. పాటని ఏం చేస్తారు? నాటేసేటప్పుడో, మిరపకాయ కోసేటప్పుడో ఒకామె అందుకుంటే నలభై మంది పలుకుతారు. చదువక్కర్లేదు, కరెంటక్కర్లేదు. విన్నోడి నోట్లోకి పోయాక అది రాసినోడిది గాదు, పాడినోడిది. ఊపిరి మీద నడిచే సరుకు. ఊపిరికి రశీదుండదు.

దానికితోడు పాటలో ఒక కిటుకుంది. ఒంటరిగా చెప్పటానికి భయపడే మాట, పదిమందితో కలిసి పాడటానికి భయం ఉండదు. "నాకు కూలి చాలటం లేదు" అని ఒక్క మనిషి ఆసామి ముందు అనలేదు. అదే మాట పల్లవిలో పెడితే నలభై మంది ఒకటే గొంతుతో అంటారు. భయం పంచుకుంటే తగ్గుతది, ధైర్యం పంచుకుంటే పెరుగుతది. సంఘం పుట్టేది ఆడే. మేం ఒకసారి ఒక ఊళ్ళో కూలిరేట్ల మీద పాడతంటే మైకుకి పర్మిషను లేదని వచ్చి తీసేయించారు. మైకు లేకుండానే పాడాం. పది రోజుల తర్వాత అటు పోతే మిరప చేల్లో ఆ పాటే వినపడింది. మేం రాయని చరణం ఒకటి గూడా అందులో చేరింది, అది మా చరణాల కన్నా బాగుంది.

తెల్లదొరలకి ఈ సంగతి ముందే అర్థమైంది. 1876లోనే నాటక ప్రదర్శనల చట్టం తెచ్చి, నచ్చని నాటకాన్ని ఆపే అధికారం చేతిలో పెట్టుకున్నారు. తెల్లదొరతనం మాకొద్దని పాట రాసి పాడినందుకు గరిమెళ్ళ సత్యనారాయణని జైల్లో వేశారు. విడ్డూరం ఏందంటే, దొరలు పోయినా ఆ 1876 చట్టం మాత్రం మన పుస్తకాల్లో ఉండిపోయింది. దాన్ని రద్దు చేసింది 2018 జనవరిలో. స్వాతంత్రం వచ్చిన 70 ఏళ్ళకి!

మన జిల్లా బుర్రకథ సంగతి చూడండి. షేక్ నాజరు పొన్నెకల్లులో పేద దూదేకుల ఇంట పుట్టాడు. ప్రజానాట్యమండలిలో చేరి బుర్రకథని ఊరూరా తిప్పాడు. పల్నాటి యుద్ధం, బొబ్బిలి యుద్ధం, అల్లూరి సీతారామరాజు ఆయన నోట వినటానికి జనం బళ్ళు కట్టుకుని పోయేవాళ్ళని పెద్దోళ్ళు చెప్తారు. 1986లో పద్మశ్రీ వచ్చింది. బుర్రకథ కట్టుబాటు గమనించారా? నడిమధ్య తంబుర పట్టుకుని కథకుడు. పక్కన ఇద్దరు వంతలు. ఒకాయనది హాస్యం, ఇంకొకాయనది రాజకీయం. ఆ వంత పేరే 'రాజకీయం'. కథ వందల ఏళ్ళ నాటిదైనా, ఆయన మధ్యలో అడ్డం పడి ఇయ్యాల్టి ధరలు, ఇయ్యాల్టి పన్నులు, ఇయ్యాల్టి దొంగలెవరో చెప్తాడు. అంటే మన జానపదం రాజకీయాన్ని దాచిపెట్టలా, దానికో కుర్చీ ఏసి పక్కనే కూర్చోపెట్టింది. "కళల్లోకి రాజకీయం తేవొద్దు" అనేవాళ్ళకి నేనిచ్చే జవాబు ఇదే. మన తాతలే తెచ్చారయ్యా, అదిగో ఆ కుడిచేతో ఎడమచేతో నిలబడ్డాయన పేరేందో అడుగు.

ఇది మన ఒక్కళ్ళ కథే గాదు. అమెరికాలో పాల్ రోబ్సన్ అని నల్లజాతి గాయకుడు. నల్లవాళ్ళ హక్కుల గురించి, కార్మికుల గురించి మాట్టాడాడని 1950లో ఆయన పాస్‌పోర్టు గుంజుకున్నారు. 1958 దాకా తిరిగియ్యలా. ఆయనేం చేశాడో తెలుసా? 1957లో టెలిఫోను తీగ మీద లండన్ జనానికి పాడాడు, వేల్స్‌లో బొగ్గుగని కార్మికులకి పాడాడు. మనిషికి సరిహద్దు దాటే వీల్లేదు. గొంతు సముద్రం కింద నించి పోయింది. ఫోనంటే ఆయన చేతిలో అది. మన చేతిలో ఏందో తర్వాత మాట్టాడుకుందాం.

ఊరేసే తాళం

సర్కారు తాళం కనపడుద్ది. దానికి జీవో నెంబరుంటది, తేదీ ఉంటది. ఊరేసే తాళానికి నెంబరుండదు.

గుర్రం జాషువా మన వినుకొండలో పుట్టాడు, 1895లో. ఆయన చిన్నతనంలోనే కులం పేరుతో పడ్డ మాటలు, బడిలో, సభల్లో జరిగిన అవమానాలు చదివితే ఇప్పటికీ కడుపు మండుద్ది. 1941లో 'గబ్బిలం' రాశాడు. పాతకాలపు కవులు మేఘాన్నో, హంసనో రాయబారం పంపారు. జాషువా గబ్బిలాన్ని పంపాడు. ఎందుకంటే ఆ కావ్యంలో పేదవాడికి గుళ్ళోకి పోయే దారి లేదు, గబ్బిలానికి ఉంది. అది గర్భగుడి చూరుకే వేలాడుద్ది. మనిషిని రానియ్యని చోట గబ్బిలానికి అడ్డం చెప్పేవాడు లేడు. కాశీలో శివుడి చెవిలో నా కష్టం చెప్పిరా అని పంపుతాడు. ఒక్క పోలికతో వెయ్యేళ్ళ సిగ్గు బయట పెట్టాడు.

అంతకు ముందే 1932లో 'ఫిరదౌసి' రాశాడు. పద్యానికో బంగారు నాణెం ఇస్తానన్న రాజు, కావ్యం పూర్తయ్యాక వెండి నాణేలు పంపిస్తాడు. కవి గుండె పగిలిపోద్ది. పైకి అది గజనీ కథ. లోపల మాత్రం చాకిరీ చేయించుకుని మాట తప్పే ప్రతి ఆసామి కథ. మా మిల్లులో బోరేల లెక్క తగ్గించి రాసేవాళ్ళు. ఆ రోజుల్లో 'ఫిరదౌసి' చదివిన నాకు ఆ రాజెవరో వేరే చెప్పాల్సిన పనిలేకపోయింది.

ఇంకో తమాషా చూడండి. మన ఊళ్ళల్లో హరిశ్చంద్ర నాటకం కాటిసీను అంటే తెల్లవారుజాము దాకా జనం కూర్చుంటారు. వన్స్‌మోర్లు కొట్టి కొట్టి పాడిస్తారు. ఆ సీన్లో శ్మశానం మీద పాడే పద్యాలు జాషువావి. నాటకం బలిజేపల్లి లక్ష్మీకాంతం గారిది, ఆ పద్యాలు మాత్రం జాషువా కలం నించి వచ్చి చేరినయ్. ఏ వీధిలోకి ఆ కవిని రానియ్యలేదో ఆ వీధిలోనే ఆయన పద్యానికి చప్పట్లు. పద్యం ఊళ్ళోకొచ్చింది, మనిషి ఊరిబయటే ఉన్నాడు. ఇదే నేను చెప్పే ఊరి తాళం. మన నోటి కళ కావాలి, మన మనిషి వద్దు.

ఇదే మన వీరగాథలోనూ ఉంది. కారెంపూడిలో ఏటా కార్తీక అమావాస్యకి పల్నాటి వీరుల ఉత్సవాలు జరుగుతయ్. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు, ఐదు రోజులు. 12వ శతాబ్దపు కథ అది. బ్రహ్మనాయుడు అన్ని కులాల వాళ్ళనీ ఒక్క చాప మీద కూర్చోపెట్టి తినిపించాడు, అదే చాపకూడు. మాలవాడైన కన్నమదాసుని సేనకి ముందు నిలబెట్టాడు. ఈ కథని తరతరాలుగా గొంతులో మోసిన వీరవిద్యవంతుల్లో చాలామంది దళితులే. వాళ్ళు పాడింది విని జీన్ రోగైర్ అనే అమెరికా పరిశోధకుడు 1982లో ఇంగ్లీషులో పెద్ద పుస్తకమే వేశాడు. ఆక్స్‌ఫర్డు దాకా పోయింది మన పాట.

మరి మనకేం మిగిలింది? కార్ల వెనకాల "పల్నాటి పౌరుషం" అని స్టిక్కరు. సినిమాలో తొడగొట్టుడు. కోడిపోరు గుర్తుంది, చాపకూడు ఉత్సవం నాటి భోజనంగా మిగిలింది. ఒకటే కథలో కత్తీ ఉంది, చాపా ఉంది. కత్తి తీసుకుని చాప మడిచి అటకెక్కించాం.

అంబేడ్కర్ గారు 1949 నవంబరు 25న రాజ్యాంగ సభలో ఈ సంగతే హెచ్చరించారు. రాజకీయంలో ఒక మనిషికి ఒక ఓటు, ఒకటే విలువ వస్తంది గానీ, సమాజంలో, సంపాదనలో ఆ సమానత్వం లేదు, ఈ తేడా ఎక్కువ కాలం ఉంచితే మనం కట్టుకున్న ప్రజాస్వామ్యమే కూలిపోద్దన్నారు. పోలింగు బూతు క్యూలో చాప పరిచారు. బయటికొచ్చాక ఎవరి అరుగు వాళ్ళదే.

జేబులో తాళం

ఇప్పుడు మన సంగతి. 2024 మే 13న పోలింగు నాడు, ఆ తర్వాత పల్నాడు జిల్లాలో ఏం జరిగిందో మీరంతా చూశారు. మాచర్ల, నరసరావుపేట పేర్లు దేశమంతా టీవీల్లో మోగినయ్. 144 సెక్షను పెట్టారు. ఎన్నికల సంఘం జిల్లా ఎస్పీని సస్పెండు చేసింది, కలెక్టరుని బదిలీ చేసింది, సిట్ వేయించింది. ఏ పార్టీది తప్పు అనే పంచాయితీ నేనిక్కడ పెట్టను. నాకు కావాల్సింది ఒకటే లెక్క. కేసుల్లో ఇరుక్కుని వాయిదాలకి తిరిగే కుర్రోళ్ళెవరు? రాళ్ళు తగిలి తల పగిలినోళ్ళెవరు? రెండు పక్కలా మనోళ్ళే. చేలో మందు కొట్టే పిల్లోళ్ళే.

ఆ గొడవలకి ముందు నెలల తరబడి మన ఫోన్లలో మోగిందేంది? పాటలే. మా నాయకుడు పులి, మీ నాయకుడు నక్క. మా కులం సింహం, మీ కులం ఇంకోటి. డీజే బీటు, తొడగొట్టే రీలు, కత్తుల ఎమోజీ. ఇందాక చెప్పానే, పదిమంది కలిసి పాడితే భయం పోద్దని? ఆ కిటుకు వీళ్ళకీ తెలుసు. కూలి అడిగే ధైర్యం ఇచ్చిన ఆ కిటుకే పక్కింటోడి మీద రాయి విసిరే ధైర్యమూ ఇస్తది. పాట మంచిదా చెడ్డదా అనేది రాగంలో లేదు. అది ఎవరి వైపు చూసి పాడిస్తందనే దాంట్లో ఉంది. పైకి చూసి పాడిస్తందా, పక్కకి చూసి పాడిస్తందా?

ఫోను ఇంకో పని గూడా చేస్తది. మనం ఒక్కసారి కోపం పాట పూర్తిగా చూస్తే అట్టాంటివే ఇంకో పది తెచ్చి ముందర పెడద్ది. దానికి మన మంచీ చెడ్డా పట్టదు, మనం ఎంతసేపు కళ్ళప్పగించి చూశామనేదే దాని లెక్క. కోపం మనిషిని ఎక్కువసేపు కూర్చోపెడద్ది గాబట్టి కోపాన్నే వడ్డిస్తది. నెల తిరిగేసరికి మన కులం గొంతు తప్ప ఇంకో గొంతు వినపడదు. ఎవరూ మన నోరు నొక్కలా. మన చెవికి గోడ కట్టారు. నేను దీన్నే మూడో తాళం అంటన్నా. మాట్టాడే స్వేచ్ఛ ఉండి, వినే స్వేచ్ఛ పోయినోడు సగం ఖైదీ.

"మరి నువ్వు గూడా పాటలు ఆపమంటన్నావు గదా, దొరకీ నీకూ తేడా ఏంది?" అని అడగొచ్చు. తేడా ఉంది. దొర చట్టంతో ఆపాడు. నేను ఆపమనటం లేదు, ఆలోచించమంటన్నా. పెద్ద కుర్చీలో ఉన్నోణ్ణి ఎగతాళి చేసే పాట ఎంత ఘాటుగా ఉన్నా నేను దాని పక్కనే నిలబడతా, ఆ కుర్చీలో ఉన్నది నాకిష్టమైనోడైనా సరే. పక్కవాడలో ఉన్న పేదోణ్ణి కులం పేరుతో తిట్టే పాట ఎంత తీపి రాగంలో ఉన్నా అది పాట గాదు, పుల్లరి లాంటిదే. లేనోడి మీద వేసే పన్ను.

చట్టం ఏమంటంది?

ఇది తెలుసుకోకపోతే నష్టం మనకే గాబట్టి క్లుప్తంగా చెప్తా.

రాజ్యాంగం 19(1)(ఎ) మనకి మాట్టాడే, భావం చెప్పుకునే హక్కిచ్చింది. పాట, నాటకం, కార్టూను, పోస్టు అన్నీ దాంట్లోకే వస్తయ్. 19(2) కింద కొన్ని కట్టుబాట్లు పెట్టొచ్చు. దేశ భద్రత, శాంతిభద్రతలు, పరువునష్టం, నేరానికి ఉసిగొల్పటం ఇట్టాంటివి. ఆ కట్టుబాటు సమంజసంగా ఉండాలి. 1950లో మన మద్రాసు రాష్ట్రంలో 'క్రాస్‌రోడ్స్' అనే పత్రికని రానియ్యకుండా ఆపితే రమేశ్ థాపర్ సుప్రీంకోర్టుకి పోయి గెలిచాడు. ఆ మరుసటేడే, 1951లో, మొదటి రాజ్యాంగ సవరణ తెచ్చి శాంతిభద్రతల మాటని కట్టుబాట్లలో చేర్చారు. హక్కు ఇట్టా గెలవటం, అట్టా గీత గీయించుకోవటం మొదటి రోజు నించీ జరుగుతన్నదే.

ఫేస్‌బుక్కులో పోస్టు పెట్టారని అరెస్టులు చేసిన 66ఎ సెక్షనుని 2015 మార్చి 24న సుప్రీంకోర్టు కొట్టేసింది. ఆ కేసు వేసింది శ్రేయా సింఘాల్ అనే లా చదివే అమ్మాయి. మీ వయసుదే. 2025 మార్చి 28న ఇమ్రాన్ ప్రతాప్‌గఢీ కేసులో, ఒక కవిత ఉన్న వీడియో పెట్టాడని గుజరాత్‌లో కట్టిన ఎఫ్‌ఐఆర్‌ని సుప్రీంకోర్టు రద్దు చేసింది. మాటని తూకం వేసేటప్పుడు ప్రతిదానికీ బెదిరిపోయే మనిషి చూపుతో గాదు, గుండె ధైర్యమున్న మామూలు మనిషి చూపుతో చూడాలని చెప్పింది. మూడేళ్ళ నించి ఏడేళ్ళ లోపు శిక్షపడే ఇట్టాంటి కేసుల్లో ముందు ప్రాథమిక విచారణ చేసే వీలు కొత్త బీఎన్‌ఎస్‌ఎస్ 173(3)లో ఉంది, పోలీసులు దాన్ని వాడుకోవాలని గూడా గుర్తుచేసింది.

ఇది ఒక పక్క. రెండో పక్క, కులాల మధ్య, మతాల మధ్య పగ పెంచితే బీఎన్‌ఎస్ 196 కింద కేసవుద్ది. దళితుల్ని, గిరిజనుల్ని నలుగురిలో కులం పేరుతో అవమానిస్తే 1989 అట్రాసిటీ చట్టం ఉంది. "నేను రాయలేదు, ఊరికే ఫార్వర్డు చేశా" అంటే తప్పించుకుంటామనే నమ్మకం పెట్టుకోవద్దు. నాయకుడి పాటకి నాయకుడు కోర్టుకి రాడు. బండి అప్పు తీరని కుర్రోడు వస్తాడు.

ఏం చేద్దాం?

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, నా దగ్గిర పెద్ద పథకాలు లేవు. నాలుగు పనులు చెప్తా.

ఒకటి. పాట ఫార్వర్డు చేసే ముందు ఆ మూడు ప్రశ్నలు అడగండి: ఇది ఎవరికి మేలు? దేన్నుంచి నన్ను విడిపిస్తంది? నన్ను ఎవరి మీదకి పంపిస్తంది?

రెండు. మీ ఇంట్లో అమ్మమ్మలు, నాయనమ్మలు పాడే నాట్ల పాటలు, దంపుళ్ళ పాటలు, ఏడుపు పాటలు ఉంటయ్. వాళ్ళని అడిగి రికార్డు చేయండి. ఊరు పేరు, ఆమె పేరు, ఏ పనిలో పాడేదో గూడా చెప్పించి దాచండి. ఆమె ఒప్పుకుంటేనే బయట పెట్టండి. ఫోనుతో చేయదగ్గ మంచి పనుల్లో దీన్ని మించింది నాకు తెలవదు. ఆ ముసలమ్మ పోతే ఆ పాట ఏ సెర్చిలోనూ దొరకదు.

మూడు. 'మాలపల్లి', 'గబ్బిలం' ఈ రెండూ చదవండి. 'మాలపల్లి' లావుగా ఉంటది, భయపడొద్దు, రోజుకి పది పేజీలు చాలు. 'గబ్బిలం' పద్యాలు గాబట్టి మొదట్లో నోరు తిరగదు. నాటకాలాడే పెద్దాయన్నెవరినన్నా పట్టుకుని రాగంతో చదివించుకోండి, అర్థం దానంతటదే తెరుచుకుంటది. నేనట్టాగే నేర్చుకున్నా.

నాలుగు. వారానికొకసారి మీ వాడ దాటి ఇంకో వాడలో కూర్చోండి. వాళ్ళు పాడేది వినండి, మీ పాట వినిపించండి. కలిసి టీ తాగండి, కుదిరితే అన్నం తినండి. చాపకూడుని ఉత్సవానికే వదిలెయ్యొద్దు.

ఎవరాపారు మిమ్మల్ని అని అడిగారు గదా. ఒకప్పుడు దొర ఆపాడు, వాణ్ణి పంపించాం. ఊరు ఆపింది, ఇంకా ఆపుతానే ఉంది, దాంతో కొట్లాడుతన్నాం. ఇప్పుడు మన చెవికి కట్టిన గోడ ఉంది. దాన్ని పడగొట్టటానికి ఏ సర్కారు పర్మిషనూ అక్కర్లేదు.

పుల్లరి కట్టనన్నోళ్ళ మనవళ్ళం మనం. మన కోపాన్ని ఇంకోడి లాభానికి మేతగా వెయ్యకుండా ఉందాం. అంతే నేను అడిగేది.